రొయ్యల చెరువుకి ఆక్సిజన్ సెన్సార్: ప్రాజెక్టు డైరీ

చేసి చూడాలనుకునేవాళ్ళ కోసం ఈ డైరీ. భీమవరం దగ్గర ఉప్పుటేరు వైపు ఉన్న ఒక వెనామీ రకం రొయ్యల చెరువులో డీఓని, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని, రాత్రంతా కొలిచి అవసరమైతే మనిషిని నిద్రలేపే సెన్సార్ తయారు చేస్తున్నాం. చెరువు మా బావగారిది. నా ఉద్యోగ జీవితం మొత్తం రక్తంలోనూ కండరంలోనూ ఆక్సిజన్ కొలిచే చిన్న ఎలక్ట్రోడ్ల మీదే గడిచింది. వాటిని ఏటికేడు ఇంకా సన్నగా చేయడమే మా ల్యాబ్ పని.

రక్తం నుంచి చెరువుకి రావడం పెద్ద దూరమేమీ కాదు. ఇప్పుడు రైతుల చేతుల్లో ఉన్న డీఓ మీటర్లలో చాలావాటి మూలం ఆపరేషన్ థియేటర్లోనే ఉంది. అమెరికాలో లీలాండ్ క్లార్క్ రక్తానికి ఆక్సిజన్ పట్టించే యంత్రం మీద పనిచేస్తూ, ఆ రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సాధనం కోసం వెతికాడు. అంతకుముందు ప్లాటినం తీగని నేరుగా రక్తంలో పెడితే ప్రొటీన్లు పట్టేసి కొలత చెడిపోయేది. ఎలక్ట్రోడ్లు రెండింటినీ ఒకే సన్నటి ప్లాస్టిక్ పొర వెనక, ఉప్పునీటిలో ఉంచడం ఆయన చేసిన మార్పు. పొర గుండా ఆక్సిజన్ వస్తుంది, రక్తం రాదు. ఆ పని 1956లో అచ్చయింది. 1962లో ఆయనే తోటి శాస్త్రవేత్త లయన్స్‌తో కలిసి అదే ఎలక్ట్రోడ్ మీద ఎంజైమ్ పొర వేసి గ్లూకోజ్ కొలిచే దారి చూపించాడు. ఇప్పటి షుగర్ మీటర్ల వంశం అక్కడి నుంచే మొదలైంది.

ఏం కావాలి

పగలు ప్లాంక్టన్, అంటే నీటిలోని కంటికి కనపడనంత సన్నటి నాచు, ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగు బురదలోని బాక్టీరియా కలిసి తినేస్తాయి. అందుకే డీఓ సూర్యోదయానికి కాస్త ముందు అట్టడుగుకి వస్తుంది. పగలంతా మబ్బు పట్టి ఉంటే, లేదా ప్లాంక్టన్ ఒక్కసారిగా పడిపోతే, ఆ రాత్రి ఇంకా ప్రమాదం. 4 పీపీఎం (లీటరు నీటికి 4 మిల్లీగ్రాములు) పైన ఉంటే ఊపిరి తీసుకోవచ్చు. 3 కిందకి దిగితే రొయ్య మేత మానేస్తుంది, ఇంకా దిగితే తేలుతుంది. తేలినప్పుడు చూసి ఏరేటర్లు (నీటిని చిలికి గాలి పట్టించే యంత్రాలు) వేస్తే చాలాసార్లు అప్పటికే ఆలస్యం.

పని మొదలుపెట్టే ముందు బావగారితోనూ, చెరువు మీద ఉండే అబ్బాయితోనూ కూర్చుని రాసుకున్న షరతులు:

1. 2 నుంచి 5 పీపీఎం మధ్య తేడా 0.3 దాటకూడదు. పగటి అంకెలు అంత కచ్చితంగా ఉండక్కర్లేదు.
2. కరెంటు పోయినప్పుడు తప్పకుండా పనిచేయాలి. ఏరేటర్లు ఆగేది అప్పుడే కదా.
3. మెంబ్రేన్ (పైన చెప్పిన ప్లాస్టిక్ పొర) మార్చడం తడి చేతులతో, టార్చి వెలుగులో, పది నిమిషాల్లో అవ్వాలి.
4. విడి భాగాలు భీమవరంలోనే దొరకాలి. దొరకనివి పోస్టులో వచ్చేంత చిన్నవై ఉండాలి.

మూడో షరతు ఆ అబ్బాయి పెట్టింది. "అరగంట పట్టే పనైతే నావల్ల కాదండి. ఆ టైములో ఏరేటర్లు చూసుకోవాలా, దీన్ని చూసుకోవాలా?" అన్నాడు. డిజైన్ మొత్తాన్ని చివరికి ఎక్కువగా మార్చింది ఆ షరతే.

దశ 1: 25 మైక్రాన్ల ప్లాటినం (వదిలేశాం)

గాజు గొట్టంలో 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ప్లాటినం తీగ, పక్కన సిల్వర్ క్లోరైడ్ పూసిన వెండి తీగ, రెంటి మధ్య 0.7 వోల్టులు. ఇది ల్యాబ్‌లో నాకు బాగా అలవాటైన నిర్మాణం. చిన్న ఎలక్ట్రోడ్ వల్ల నిజంగానే పెద్ద లాభం ఉంది. క్లార్క్ ఎలక్ట్రోడ్ తాను కొలిచే ఆక్సిజన్‌ని తానే తినేస్తుంది. పెద్దదైతే చుట్టూ ఉన్న నీటిలో ఆక్సిజన్ తగ్గిపోయి, నీళ్ళు కదులుతుంటే ఒక అంకె, కదలకపోతే ఇంకో అంకె వస్తాయి. సన్నటిది తినేది చాలా తక్కువ కాబట్టి నీటి కదలికతో దాదాపు పనిలేదు. జంతువుల కణజాలంలో ఆక్సిజన్ కొలవడానికి డేవిస్, బ్రింక్ 1942లోనే మైక్రో ఎలక్ట్రోడ్లు వాడింది అందుకే. 1989లో డెన్మార్క్ శాస్త్రవేత్త రెవ్స్‌బెక్, లోపలి నుంచి వచ్చే ఆక్సిజన్‌ని మధ్యలోనే పట్టేసే గార్డ్ కాథోడ్‌ని జతచేసి, సముద్రపు అడుగు మట్టిలో కొలిచేంత సన్నటి సెన్సార్ చేశాడు.

బల్ల మీద చక్కగా పనిచేసింది. చెరువు గట్టు మీద పనిచేయలేదు. లెక్క ఇదీ:

- పొర లేకుండా, గాలితో సమంగా ఉన్న నీటిలో 25 మైక్రాన్ల డిస్క్ ఇచ్చే కరెంటు సుమారు 10 నానోఆంపియర్లు (నానో అంటే వంద కోట్లో వంతు).
- ప్లాస్టిక్ పొర వెనక పెడితే అది ఒక నానోఆంపియర్ లోపుకి పడిపోతుంది.
- బోర్డు మీదో కేబుల్ కనెక్టర్లోనో తేమ పట్టి రెండు తీగల మధ్య ఒక గిగాఓమ్ (వంద కోట్ల ఓమ్‌ల) దారి ఏర్పడితే, 0.7 వోల్టుల దగ్గర 0.7 నానోఆంపియర్ లీకవుతుంది.

అంటే సిగ్నల్ ఎంతో లీకేజీ కూడా అంతే. ఎలక్ట్రోలైట్ (పొర వెనకుండే ఉప్పునీరు) పోయకుండా, సెల్ పొడిగా ఉంచి చూస్తే సున్నా రావాలి. మధ్యాహ్నం ఎండలో 0.1 నానోఆంపియర్ వచ్చింది. తెల్లవారుజామున మంచు కురిసే వేళ 0.4. సరిగ్గా డీఓ తక్కువగా ఉండే గంటలోనే లీకేజీ ఎక్కువై, ఆక్సిజన్ ఉన్నట్టు చూపిస్తోంది. సెన్సార్ చేయగల తప్పుల్లో ఇంతకన్నా ప్రమాదకరమైనది లేదు.

సర్దడానికి చేసినవి: బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాం, గార్డ్ రింగ్ (లీకేజీని పక్కకి మళ్ళించే రాగి గీత) వేశాం, పైన వార్నిష్ పూశాం, పెట్టెలో సిలికా జెల్ సంచి పెట్టాం. బోర్డు వరకు లీకేజీ బాగా తగ్గింది. కనెక్టర్ దగ్గర మాత్రం వారం తిరిగేలోగా మళ్ళీ మొదలు. ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడిపోయాయి.

ఆసుపత్రిలో ఇదే నిర్మాణం ఎందుకు నిలబడుతుందంటే, అక్కడ గది చల్లగా, పొడిగా ఉంటుంది. కేబుల్ మీటరు పొడవు. సెన్సార్ కొన్ని గంటలో, కొన్ని రోజులో వాడి పారేస్తారు. ఎలక్ట్రోడ్‌ని చిన్నది చేయగలిగింది దాని చుట్టూ అన్ని సౌకర్యాలు ఉన్నందుకే. గట్టు మీద ఆ సౌకర్యాలు లేవు. కాబట్టి కరెంటు పెరగాలి, అంటే ఎలక్ట్రోడ్ పెద్దది కావాలి. ఇన్నేళ్ళూ ఏ దిక్కుకి పనిచేశానో ఇక్కడ దానికి ఎదురు దిక్కుకి వెళ్ళాల్సి వచ్చింది. అంత చిన్నతనం ఎవరికి అవసరమో, ఎవరికి అడ్డమో ఇంత స్పష్టంగా నాకు ల్యాబ్‌లో కనిపించలేదు.

ఈ దశ ఖర్చు: ₹3,850. మొత్తం: ₹3,850.

దశ 2: వెండి, జింక్

బయటి నుంచి వోల్టేజీ ఇవ్వక్కర్లేని గాల్వానిక్ సెల్‌కి మారాం. ఈ రకాన్ని వెండి, సీసంతో ఇంగ్లండులో మెకరెత్ 1964లో ప్రచురించాడు. సీసం చెరువు దగ్గర వద్దనుకుని జింక్ తీసుకున్నాం. వెండి మీద ఆక్సిజన్ ఖర్చవుతుంది, జింక్ కరుగుతుంది, మధ్యలో పారే కరెంటు ఆక్సిజన్‌కి అనుపాతంలో ఉంటుంది. స్విచ్ వేశాక కొలత నిలకడయ్యేదాకా ఆగక్కర్లేదు. కరెంటు పోయి వచ్చినా పట్టించుకోదు.

వెండి కంసాలి దగ్గర తీసుకున్నాం. 999 వెండి అని గట్టిగా అడగాలి. నగల వెండిలో రాగి కలుస్తుంది, రాగి ఉంటే సున్నా నిలబడదు. మొదట 4 మి.మీ. బిళ్ళ వాడాం. జింక్ రేకు హార్డ్‌వేర్ షాపులో దొరికింది.

తయారీ:

1. వెండి బిళ్ళ వెనక తీగ అతికించి, అంచుల్ని 400 నంబరు ఎమరీతో గరుకు చేయండి.
2. సీపీవీసీ పైపు ముక్కలో నిలబెట్టి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ పోయండి. ఐదు నిమిషాల రకం వద్దు.
3. పూర్తిగా ఒక రోజు ఆరనివ్వండి.
4. ముఖాన్ని 600, తర్వాత 1200 ఎమరీ మీద నీళ్ళు వేస్తూ చదును చేయండి.
5. పైపు చుట్టూ జింక్ రేకు చుట్టండి. అది వెండికి తగలకూడదు.
6. వెండికీ జింక్‌కీ మధ్య 10 కిలోఓమ్ రెసిస్టర్ కలిపి, దాని మీది వోల్టేజీని ఏడీఎస్ 1115 చిప్‌తో (వోల్టేజీని అంకెగా మార్చేది) చదవండి. అత్యంత సున్నితమైన రేంజిలో అది 7.8 మైక్రోవోల్టుల మెట్టుతో చదువుతుంది, మనకి అవసరమైనదానికన్నా ఎక్కువే. వెనక ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు.

గాలిలో 6.5 మైక్రోఆంపియర్లు (ఒక్కోటి వెయ్యి నానోఆంపియర్లు) వచ్చాయి. తేమ లీకేజీకి ఇప్పుడు దీని ముందు లెక్కే లేదు.

సున్నా పరీక్షలో దెబ్బ తగిలింది. లీటరు నీటికి 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపితే ఆ నీటిలో ఆక్సిజన్ ఉండదు. అందులో ముంచి అరగంట ఆగినా 0.6 మైక్రోఆంపియర్ కిందకి రాలేదు. అలా వదిలేస్తే ఆక్సిజన్ అసలే లేని చెరువులో 0.7 పీపీఎం ఉన్నట్టు చూపిస్తుంది. భూతద్దంతో చూస్తే వెండికీ ఎపాక్సీకీ మధ్య వెంట్రుకవాసి సందు. అందులోకి దూరిన ఎలక్ట్రోలైట్‌లోని ఆక్సిజన్ నెమ్మదిగా బయటికి కారుతోంది. ఆ సెల్ ఐదు నిమిషాల ఎపాక్సీతో చేసినది. పైన చెప్పిన పద్ధతి, అంటే గరుకు అంచు, నెమ్మది ఎపాక్సీ, ఒక రోజు ఆరబెట్టడం, ఆ తర్వాత కుదిరింది. దానితో సున్నా 0.08కి వచ్చింది.

ఆ తర్వాత అసలు సమస్య బయటపడింది. బకెట్‌లో నీళ్ళు కలుపుతుంటే 6.5, కలపడం ఆపితే 4.2. చిన్న ఎలక్ట్రోడ్ మనకి తప్పించిన గొడవే ఇది. ఏరేటర్లు ఆగిన చెరువులో నీళ్ళు కదలవు, అప్పుడు నిజంగా 5 ఉన్నా 3.2 అని చూపిస్తుంది. రెండు రాత్రులు ఉత్తినే సైరన్ మోగితే మూడో రాత్రి ఎవరూ లేవరు.

ఈ దశ ఖర్చు: ₹1,940. మొత్తం: ₹5,790.

దశ 3: మెంబ్రేన్, మూత

కదలిక మీద ఆధారపడటం తగ్గాలంటే ఎలక్ట్రోడ్ తినే ఆక్సిజన్ తగ్గాలి. దారులు రెండు: వెండి చిన్నది చేయడం, పొర మందం పెంచడం. పొర రెట్టింపు మందమైతే కరెంటు సగమవుతుంది, స్పందించే సమయం మాత్రం నాలుగింతలవుతుంది. రక్తం దగ్గర ఆ ఆలస్యం ఒప్పుకోరు. చెరువులో డీఓ గంటల మీద మారుతుంది కాబట్టి నిమిషం ఆలస్యమైనా ఫర్వాలేదు.

పొరగా వాడి చూసినవి:

- వంటింట్లో గిన్నెల మీద చుట్టే క్లింగ్ ఫిల్మ్: మొదటి రోజు బాగుంది, తర్వాత సాగి ముడతలు పడింది. ముడత కింద ఎలక్ట్రోలైట్ పొర మందం మారిపోయి అంకె జారుతుంది.
- ప్లంబర్ల తెల్ల టేపు: రంధ్రాలున్న పదార్థం. ఎలక్ట్రోలైట్ కారిపోయింది.
- 25 మైక్రాన్ల ఎఫ్‌ఈపీ (టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్) ఫిల్మ్: 90 శాతం స్పందనకి 18 సెకన్లు. కదలికకి ఇంకా సున్నితం.
- 50 మైక్రాన్ల ఎఫ్‌ఈపీ: 70 సెకన్లు. దీనికే ఖాయమయ్యాం.

వెండిని 2 మి.మీ. తీగకి తగ్గించాం. ఇప్పుడు 28 డిగ్రీల దగ్గర గాలిలో 0.87 మైక్రోఆంపియర్, సున్నా 0.02. రెసిస్టర్ 47 కిలోఓమ్. కదలని బకెట్‌లో 0.77కి పడుతోంది. 35 శాతం తేడా 11కి దిగింది. మిగిలిన 11 శాతం సంగతి తర్వాతి దశలో.

ఎలక్ట్రోలైట్‌గా పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే జింక్ శుభ్రంగా కరుగుతుంది. కానీ అది చర్మాన్నీ కళ్ళనీ కాల్చేస్తుంది, అర్ధరాత్రి టార్చి వెలుగులో అది పోయమని ఎవరికీ చెప్పలేను. ల్యాబ్ రకం సోడియం క్లోరైడ్ ద్రావణం వాడుతున్నాం. ఇందులో జింక్ మీద తెల్లటి మడ్డి పేరుకుంటుంది, దాన్ని బ్రష్‌తో తోమాలి. ఆ శ్రమకి ఒప్పుకున్నాం.

ఇక ఆ అబ్బాయి షరతు. మెంబ్రేన్‌ని గట్టు మీద బిగించడం మానేశాం. లేత్ వర్క్‌షాపులో మరలున్న మూతలు చేయించి, పగటి పూట ఇంట్లో తీరిగ్గా ఫిల్మ్, ఓ-రింగ్ బిగించి, ఒక్కోదాన్ని సల్ఫైట్‌లో పరీక్షించి డబ్బాలో పెడుతున్నాం. గట్టు మీద చేయాల్సింది ఇంతే:

1. పాత మూత విప్పండి.
2. వెండిని మెత్తటి రబ్బరుతో (పెన్సిల్ రబ్బరు చాలు) రుద్దండి, జింక్‌ని తోమండి, డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి.
3. కొత్త మూతలో అంచుదాకా ఎలక్ట్రోలైట్ పోయండి.
4. సెన్సార్‌ని వంచి, నెమ్మదిగా మర తిప్పండి. కాస్త ద్రావణం పక్కనుంచి పొర్లాలి. పొర్లకపోతే లోపల బుడగ ఉన్నట్టే.
5. తడి దూది ఉన్న సీసాలో, నీళ్ళు తగలకుండా పదిహేను నిమిషాలు వేలాడదీసి, బోర్డు మీద గాలి బటన్ (గాలిలో వచ్చే అంకెతో కాలిబ్రేషన్ చేసేది) నొక్కండి.

కాలిబ్రేషన్‌కి ఆగే సమయం తీసేస్తే ఇప్పుడు ఆ అబ్బాయి ఏడెనిమిది నిమిషాల్లో ముగిస్తున్నాడు.

ఈ దశ ఖర్చు: ₹1,600. మొత్తం: ₹7,390.

దశ 4: చెరువులోంచి గట్టు మీదకి

సెన్సార్‌ని నీటిలో వేలాడదీస్తే నాచు పడుతుంది, ఎండ్రకాయలు కేబుల్ కొరుకుతాయి. రొయ్య ఉండేది అడుగున కాబట్టి అడుగుకి దించితే ఇంకో సమస్య: నల్ల బురదలోని హైడ్రోజన్ సల్ఫైడ్ మెంబ్రేన్ దాటి వచ్చి వెండిని నల్లగా చేసేస్తుంది. ఒక రాత్రి బురదకి ఆనుకుని ఉన్న సెన్సార్ పొద్దున్నకి మూడో వంతు సిగ్నల్ కోల్పోయింది.

అందుకని సెన్సార్‌ని గట్టు మీద పెట్టెలో ఉంచి, నీళ్ళనే దాని దగ్గరికి తెస్తున్నాం. 12 వోల్టుల చిన్న పంపు (గంటకి 240 లీటర్లది) అడుగు నుంచి ఒక జానెడు పైన, వలగుడ్డ చుట్టి కట్టాం. అర అంగుళం పైపు, 12 మీటర్లు. కదలిక సమస్య కూడా దీనితోనే తీరుతుంది, ఎందుకంటే నీటి వేగం ఎప్పుడూ ఒకటే.

పంపు నీటిలోనే ఉండి తోయాలి. గట్టు మీద పెట్టి పీల్చే పంపుని కూడా పరీక్షించాం. పీల్చే వైపు జాయింట్లో కంటికి కనపడని లీకు ఉన్నా గాలి బుడగలు చేరి డీఓ ఒక పీపీఎం పైగా ఎక్కువ చూపిస్తుంది.

కొలతలు:

- 10 లీటర్ల బకెట్ నిండడానికి 3 నిమిషాల 10 సెకన్లు. అంటే సెన్సార్ ముందు నీటి వేగం సెకనుకి సుమారు 30 సెం.మీ. ఈ సెన్సార్‌కి సరిపోతుంది.
- పైపులో నిలవ ఉండే నీళ్ళు సుమారు 2.1 లీటర్లు. అవి బయటికి పోవడానికి 40 సెకన్లు.
- దానికి సెన్సార్ స్పందన 70 సెకన్లు కలిపితే 110. కాబట్టి పదిహేను నిమిషాలకోసారి పంపు 4 నిమిషాలు నడుస్తుంది, చివరి 20 సెకన్ల సగటునే తీసుకుంటాం.

ఉష్ణోగ్రత సంగతి కాస్త వివరంగా చెప్పాలి, చాలా ఇంటి తయారీలు ఇక్కడే చెడుతున్నాయి. ఈ సెన్సార్ కొలిచేది ఆక్సిజన్ పీడనాన్ని, పీపీఎంని కాదు. మంచినీరైనా ఉప్పునీరైనా గాలితో సమంగా ఉంటే ఒకే కరెంటు ఇస్తుంది. కానీ 30 డిగ్రీల దగ్గర ఆ మంచినీటిలో 7.56 పీపీఎం ఉంటుంది, సముద్రపు నీటిలో దాదాపు 6.2 మాత్రమే. కాబట్టి చెరువు ఉప్పుదనం ప్రోగ్రాములో వేయాలి. ఇక వేడికి మెంబ్రేన్ ఎక్కువ ఆక్సిజన్‌ని వదులుతుంది: 26 డిగ్రీలకి 0.82, 32 డిగ్రీలకి 0.98 వచ్చాయి. అంటే డిగ్రీకి సుమారు 3 శాతం. నీళ్ళలో పట్టే ఆక్సిజన్ మాత్రం అదే సమయంలో 8.11 నుంచి 7.31కి తగ్గుతుంది. ఒకటి పైకి, ఇంకొకటి కిందకి. రెండూ విడివిడిగా సరిచేయాలి.

వాడుతున్న సూత్రం:

డీఓ = పట్టికలోని సంతృప్త విలువ (ఆ ఉష్ణోగ్రతకీ ఉప్పుదనానికీ గాలితో సమంగా ఉన్న నీటిలో ఉండే పీపీఎం) × (ఇప్పటి కరెంటు − సున్నా కరెంటు) ÷ (ఇదే ఉష్ణోగ్రతకి గాలిలో రావాల్సిన కరెంటు − సున్నా కరెంటు)

ఉష్ణోగ్రత కొలవడానికి డీఎస్18బీ20 సెన్సార్. కొన్నదాన్ని ముందు కరుగుతున్న ఐస్‌లో పెట్టి చూడండి, సున్నాకి అర డిగ్రీ దాటి తేడా ఉంటే వాడొద్దు. సెన్సార్ పెట్టె ఎండలో ఉంటే మధ్యాహ్నం లోపలి నీళ్ళు చెరువుకన్నా వేడెక్కుతున్నాయి. పైన తాటాకు కప్పాం. పైపు లోపల జిగట పేరుకుంటే అది కూడా ఆక్సిజన్ తింటుంది. నల్ల పైపు వాడితే వెలుతురు పడక నాచు తక్కువ.

ఈ దశ ఖర్చు: ₹1,150. మొత్తం: ₹8,540.

దశ 5: వింక్లర్‌తో సరిచూడటం

ఒక ఎలక్ట్రానిక్ మీటర్‌ని ఇంకో ఎలక్ట్రానిక్ మీటర్‌తో పోలిస్తే రెండూ కలిసి తప్పు చెప్పొచ్చు. అందుకే 1888 నాటి వింక్లర్ టైట్రేషన్, అంటే నీటిలోని ఆక్సిజన్‌ని రసాయనాలతో కొలిచే పద్ధతి. దీనికి తెల్లవారుజామున నిద్రలేవడం, చేతి నిదానం, సీసా నిండా బుడగ లేకుండా నీళ్ళు పట్టడం కావాలి, అంతే.

1. 300 మి.లీ. సీసాని అడుగు నుంచి గొట్టంతో నింపండి, కాస్త పొర్లనివ్వండి.
2. మాంగనీస్ సల్ఫేట్ 1 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 1 మి.లీ. నీటి అడుగున వదలండి. మూత పెట్టి తలకిందులు చేస్తూ కలపండి. గోధుమ రంగు మడ్డి వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు.
3. మడ్డి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మి.లీ. చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి.
4. 201 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. రంగు లేత పసుపయ్యాక స్టార్చ్ వేయండి.
5. థయోసల్ఫేట్ ఎన్ని మి.లీ. ఖర్చయితే అన్ని పీపీఎం.

ఒక రాత్రి, మరుసటి పగలు వచ్చిన అంకెలు:

- రాత్రి 11:00. వింక్లర్ 5.6, సెన్సార్ 5.5
- 3:00. వింక్లర్ 4.1, సెన్సార్ 4.3
- 5:30. వింక్లర్ 3.2, సెన్సార్ 3.3
- ఉదయం 10:00. వింక్లర్ 6.4, సెన్సార్ 6.2
- మధ్యాహ్నం 3:00. వింక్లర్ 10.8, సెన్సార్ 9.7

రాత్రి అంకెలు షరతుకి లోబడే ఉన్నాయి. మధ్యాహ్నం తేడాకి కారణం కనిపించింది: ప్లాంక్టన్ వల్ల నీళ్ళు అతిసంతృప్తమై, పైపులో బుడగలు కట్టి ఆక్సిజన్ గాలిలోకి పోతోంది. సెన్సార్ గది (నీళ్ళు సెన్సార్ ముందు నుంచి పారే చిన్న అర) గాజు మూత మీద ఆ బుడగలు కనబడతాయి. మొదటి షరతు ప్రకారం పగటి అంకె అంత ముఖ్యం కాదు కాబట్టి దీన్ని ముట్టుకోలేదు. పగటి లెక్కలు కూడా కావాలనుకునేవాళ్ళు సెన్సార్‌ని నీటిలోనే ఉంచి వేరే దారి చూసుకోవాలి.

ఈ టైట్రేషన్లు చేస్తుంటే నాకు ఒక భీమవరం మనిషి గుర్తొచ్చాడు. ఇక్కడే 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు, తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పరీక్ష శరీర ద్రవాల కోసం చేసింది. కణానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న పెద్ద ప్రశ్న వైపు ఆయన నడిచింది ఆ కొలతతోనే. ఈ ఊళ్ళో చదువుకునే పిల్లలకి ఆయన మందుల గురించి చెబుతారు గానీ ఆ కొలత గురించి పెద్దగా చెప్పరు. చెప్పాలి.

ఈ దశ ఖర్చు (రసాయనాలు, గాజు సామాను): ₹2,100. మొత్తం: ₹10,640.

దశ 6: సైరన్, బ్యాటరీ

"నాకు నంబర్లెందుకు? ఏరేటర్లు ఎప్పుడు వెయ్యాలో చెప్పు చాలు" అన్నారు బావగారు. ఆయన మాట ప్రకారమే పెట్టాం:

- 4 కిందకి వస్తే మకాం గోడ మీద ఎర్ర లైటు.
- 3.5 కిందకి వస్తే సైరన్.
- అర్ధరాత్రి తర్వాత 5 లోపు ఉండి, గంటకి 0.5 కన్నా వేగంగా పడుతుంటే చిన్న బీప్. మబ్బు రోజుల్లో ఎక్కువగా పనికొస్తున్నది ఇదే.
- కరెంటు పోతే, డీఓ ఎంత ఉన్నా వెంటనే వేరే శబ్దం.
- సెన్సార్ కరెంటు మరీ ఎక్కువైనా, సున్నాకి దగ్గరైనా "మూత మార్చు" లైటు. చినిగిన మెంబ్రేన్‌తో తప్పుడు ధైర్యం ఇవ్వకూడదు.

ఫోనుకి మెసేజ్ కూడా వెళుతుంది గానీ దాని మీద ఆధారపడటం లేదు. కరెంటు పోయిన రాత్రి సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

విద్యుత్ లెక్క: పంపు నడిచినప్పుడు 0.35 ఆంపియర్. పదిహేనులో 4 నిమిషాలే కాబట్టి రోజుకి 2.2 ఆంపియర్-అవర్లు. బోర్డుకి ఇంకొక 1. మొత్తం 3.2. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కాగితం మీద రెండు రోజులు, నమ్మకంగా ఒక రాత్రీ ఒక పగలూ. కరెంటు ఉన్నంతసేపు ఛార్జరు కలిపే ఉంటుంది.

తీగలన్నీ కనెక్టర్లు లేకుండా నేరుగా సోల్డర్ చేసి, గ్రీజున్న గొట్టంలో మూసేశాం. విప్పాల్సిన జాయింటు ఒక్కటే ఉంది, అది పెట్టె లోపల. ఉప్పుగాలికి పచ్చబడటం అప్పటి నుంచి ఆగింది.

ఈ దశ ఖర్చు: ₹2,750. మొత్తం: ₹13,390.

మొదటి దశ, వింక్లర్ సామాను తీసేస్తే ఒక సెట్టు ₹7,440. వింక్లర్ కిట్‌ని నాలుగైదు చెరువుల వాళ్ళు కలిసి కొనుక్కోవచ్చు, లేదా దగ్గర్లోని ఆక్వా ల్యాబ్‌లో నెలకోసారి సరిచూపించుకోవచ్చు. అది మాత్రం మానొద్దు.

ఇప్పుడున్న స్థితి

సెన్సార్ గట్టు మీద నడుస్తోంది. మూత వారానికోసారి మారుస్తున్నాం. వారం చివరికి గాలి అంకె 4 నుంచి 6 శాతం పడుతోంది, కొంత జిగట వల్ల, కొంత జింక్ మడ్డి వల్ల. ఏది ఎంతో తేల్చడానికి రెండు మూతలతో పరీక్ష మొదలైంది: ఒకదానికి వారం మధ్యలో బయటి పొర మాత్రమే తుడుస్తాం, ఇంకొకదానికి లోపలి జింక్ మాత్రమే తోముతాం. జిగటే కారణమైతే పంపు ఆగిన వేళ సెన్సార్ గదిని ఖాళీ చేసే చిన్న వాల్వు పెడతాం. జింక్ అయితే రేకు వెడల్పు తగ్గించి, ఎలక్ట్రోలైట్ గదిని పెద్దది చేయాలి. లేత్ ఆయనకి రెండు బొమ్మలూ ఇచ్చి ఉంచాను.